చెరువులో మెడ ఎత్తిన ఆ నల్లటి ఆకారం ఏమై ఉండొచ్చు?

చీకటి పడే వేళ చెరువు మధ్యలో నల్లటి జంతువులాంటిది ఒకటి మెడ ఎత్తి కనిపించిందనీ, గాలికి ఎదురుగా మెల్లగా కదిలిందనీ, మీరు ఫోన్ తీసి వీడియో పట్టుకునేలోపే మునిగిపోయిందనీ రాశారు. ఇంట్లో చెబితే నవ్వారట. అది ఏమై ఉంటుంది, ఇలాంటిది ఇంకెవరికైనా ఎదురైందా అని అడిగారు.

నవ్వినవాళ్ల సంగతి ముందు చెబుతాను. మీరు ఏదో చూశారు, అందులో నాకు అనుమానం లేదు. చాలా ఏళ్లుగా పక్షుల లెక్కింపులకీ, రాత్రిపూట అడవి నడకలకీ వెళ్తున్నాను. ఆ సంగతి తెలిసినవాళ్లు ఏదైనా వింతగా కనిపిస్తే ఫొటో తీసి నాకు పంపుతుంటారు. చాలావరకు అవి చివరికి చెట్టు మొద్దులో, వేళ్లో, రాళ్లో అని తేలతాయి. కానీ పంపినవాళ్లు కబుర్లు అల్లేవాళ్లు కారు. రోజూ అదే దారిన నడిచేవాళ్లు, చూపు చక్కగా ఉన్నవాళ్లు, అడవి గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. అలాంటివాళ్లను నవ్వి నోరు మూయిస్తే రేపు నిజంగా అరుదైన జంతువు కనబడినా ఎవరికీ చెప్పరు. నాకు బాధ కలిగించేది అదే.

మీ అనుభవానికి బాగా దగ్గరగా ఉన్నది ఒకటి ఉంది. నీటిపక్షుల లెక్క కోసం తెల్లవారకముందే ఒక పెద్ద జలాశయం ఒడ్డుకు చేరాం. నీటి మీద పొగమంచు పల్చగా పరుచుకుని ఉంది. మాలో ఒకాయన చెయ్యి చాపి చూపించాడు. నీళ్లలోంచి ఒక మెడ లేచి ఉంది, చివర చిన్న తల, వెనక కాస్త ఎడంగా రెండు మూపురాలు. బైనాక్యులర్స్‌లో చూస్తే ఇంకా జంతువులాగే ఉంది. మెల్లగా పక్కకు తిరిగింది కూడా. కొండచిలువ అని ఒకరు, మొసలి అని ఒకరు. ఆకారం విషయంలో అందరిదీ ఒకే మాట. గొడవంతా పొడవు దగ్గరే వచ్చింది. ఒకరి లెక్కలో అది బస్సంత, ఇంకొకరి లెక్కలో కుక్కంత.

అంతలో ఒక నీటికాకి ఎగురుకుంటూ వచ్చి ఆ తల మీద వాలింది. తల కంటే పక్షే పెద్దదిగా ఉంది! నీటికాకి ఎంతుంటుందో మాకు బాగా తెలుసు కాబట్టి, ఆ జంతువు ఎంత చిన్నదో, మాకు ఎంత దగ్గరలో ఉందో ఒక్కసారిగా తెలిసిపోయింది. ఎండ వచ్చాక చూస్తే వేళ్లతో సహా కొట్టుకొచ్చిన చెట్టు అది. పైకి లేచిన వేరు ఒకటి మెడలా కనిపించింది, వంగిన కొమ్మలు మూపురాల్లా కనిపించాయి.

అందుకే ఎవరు ఏం చూశామన్నా నేను ముందుగా అడిగేది "ఎంత దూరంలో?" అని. 100 మీటర్ల దూరంలో ఉన్న మీటరు పొడవు కర్ర, 500 మీటర్ల దూరంలో ఉన్న 5 మీటర్ల జంతువు కంటికి ఒకే సైజులో కనిపిస్తాయి. నేల మీదైతే పక్కన చెట్టో, గోడో, మనిషో ఉంటారు, వాటితో పోల్చుకుంటాం. ఖాళీ నీటి మీద ఆ ఆసరా ఏదీ ఉండదు. పొగమంచు గానీ మసక చీకటి గానీ తోడైతే ఉన్న వస్తువు ఇంకా దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. దూరం ఎక్కువ అనుకున్న కొద్దీ పొడవూ పెరుగుతుంది. మామూలు మొద్దు వింత జంతువుగా మారడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం.

ఇక "కదిలింది" అన్నారు. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు, ఎందుకంటే మొద్దులు నిజంగానే కదులుతాయి. అమెరికాలోని ఒరెగాన్‌లో క్రేటర్ లేక్ అనే లోతైన సరస్సు ఉంది. అందులో సుమారు 9 మీటర్ల పొడవున్న ఒక చెట్టు మొద్దు నిలువుగా తేలుతూ తిరుగుతుంటుంది. నీటిపైకి కనిపించేది మీటరుకు కాస్త ఎక్కువ, మిగతాదంతా లోపలే. 1896లోనే దాన్ని చూసినట్టు రికార్డు ఉంది. 1938లో మూడు నెలల పాటు అది ఎక్కడెక్కడికి పోతోందో గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే, మొత్తం కలిపి దాదాపు 100 కిలోమీటర్లు తిరిగిందని తేలింది. గాలి ఒక వైపు వీస్తుంటే పైనీరు అటు పోతుంది, అక్కడ పేరుకున్న నీళ్లు కింది పొరల్లో వెనక్కి మళ్లుతాయి. ఒళ్లంతా లోతులో ఉన్న మొద్దును ఆ కింది నీరు లాక్కెళ్తే, ఒడ్డున నిలబడ్డవాళ్లకు అది గాలికి ఎదురీదుతున్నట్టే ఉంటుంది. మీరు చెప్పిన కదలికకు ఇది బాగా సరిపోతుంది.

పైకి లేచి మునగడం కూడా అంతే. చెరువు అడుగున చెక్క, ఆకులు కుళ్లేటప్పుడు మీథేన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు పుడతాయి. అవి మొద్దు లోపలా, దానికి పట్టిన చెత్త కిందా చేరితే మొద్దు పైకి తేలుతుంది. గాలి బుడగలు బయటికి పోగానే మళ్లీ దిగిపోతుంది. బుడబుడమని చప్పుడు వచ్చి, నీళ్లు కదిలి, నల్లటిదేదో లేచి మాయమైతే చూసినవాళ్లు ఏమనుకుంటారు? వాళ్ల స్థానంలో ఎవరున్నా అదే అనుకుంటారు.

మునిగిపోవడం గురించి ఇంకో విషయం ఉంది, మీ ఫోన్ ప్రస్తావన చూశాక గుర్తొచ్చింది. చీకట్లో చూడటానికి పనికొచ్చే కణాలు కంటి రెటీనాలో సరిగ్గా మధ్య భాగంలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే మసక వెలుగులో ఒక వస్తువును నేరుగా తేరిపార చూస్తే కరిగిపోయినట్టు అవుతుంది, చూపు కాస్త పక్కకు తిప్పితే మళ్లీ కనిపిస్తుంది. పైగా కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో వెలుగుతున్న ఫోన్ స్క్రీన్ చూశామంటే అలవాటు పడ్డదంతా పోతుంది. మీరు కెమెరా తెరిచి తల ఎత్తేసరికి ఆ ఆకారం లేకపోవడానికి ఇది కూడా కారణం అయ్యుండొచ్చు.

నలుగురం చూశాం కాబట్టి నిజమే అని కొందరు గట్టిగా వాదిస్తారు. ముజాఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1935లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. చీకటి గదిలో కదలని చిన్న వెలుగు చుక్కను చూపిస్తే, అది కదులుతున్నట్టే అందరికీ అనిపించింది. ఎంత కదిలిందని విడివిడిగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. గుంపుగా కూర్చోబెట్టి అడిగితే ఆ లెక్కలు ఒకదానికొకటి దగ్గరకు వచ్చేశాయి. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాబట్టి ఎవరైనా మీతో పాటు చూసి ఉంటే, మాట్లాడుకోకముందే విడివిడిగా బొమ్మ గీయించండి. మా గుంపులో మేము ఇప్పుడు అలాగే చేస్తాం.

మెడ పొడుగ్గా ఎందుకు కనిపిస్తుందనే దానికి కెనడాకు చెందిన పరిశోధకుడు వాల్డెమార్ లేన్ 1979లో మంచి వివరణ ఇచ్చారు. నీళ్లు చల్లగా, వాటి మీది గాలి వెచ్చగా ఉన్నప్పుడు కాంతి వంగి వస్తుంది. అప్పుడు నీటి మీది చిన్న వస్తువులు నిలువుగా సాగి కనిపిస్తాయి. నీటిమట్టానికి దగ్గరగా వంగి చూసేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

పొడుగు మెడ అనగానే చాలామందికి డైనోసార్ల కాలం నాటి నీటి సరీసృపం ప్లీసియోసార్ గుర్తొస్తుంది. 1977లో న్యూజిలాండ్ దగ్గర జుయియో మారు అనే జపాన్ చేపల ఓడ వలలో సరిగ్గా అలాంటి ఆకారంలో ఉన్న కుళ్లిన కళేబరం పడింది. పరీక్షలు బాస్కింగ్ షార్క్ వైపే చూపించాయి. ఆ సొరచేప కుళ్లేటప్పుడు కింది దవడ, మొప్పలు ముందుగా ఊడిపోతాయి. మిగిలిన చిన్న పుర్రె, వెన్నెముక కలిసి పొడుగు మెడ ఉన్న జంతువులా కనిపిస్తాయి. అలాంటి వింత జంతువు ఉందని పేరుపడ్డ స్కాట్లాండ్‌లోని లోక్ నెస్ అనే సరస్సు నీళ్లలో డీఎన్ఏ వెతికిన పరిశోధకులు 2019లో ఫలితాలు చెప్పారు: సరీసృపాల జాడ లేదు, పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేపల డీఎన్ఏ మాత్రం ఎక్కడ చూసినా ఉంది.

నీళ్లు వదిలి ఒక్క నిమిషం అడవిలోకి వస్తాను, ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేను. వర్షాకాలం రాత్రి నడకలో ఒకసారి దారి పక్కన నేల మీద పచ్చటి వెలుగు, ముడుచుకుని పడుకున్న జంతువంత మేర, కనిపించింది. టార్చ్ వేస్తే ఏమీ లేదు. ఆర్పితే మళ్లీ వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్రాడికి చేతులు వణికాయి, టెన్షన్ అందరికీ ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే కుళ్లిన దుంగ, దాన్ని పట్టుకున్న వెలుగునిచ్చే శిలీంధ్రం. టార్చ్ కాంతి ముందు ఆ సన్నటి వెలుగు నిలవదు కాబట్టే అది దాక్కుంటున్నట్టు అనిపించింది. 1775లో అమెరికాలో తయారైన టర్టిల్ అనే జలాంతర్గామిలో దిక్సూచి ముల్లు చీకట్లో కనబడటానికి ఇలాంటి మెరిసే చెక్కనే వాడారు. ఆ రాత్రి మేము చూసినవాటిలో అంత అందమైనది ఇంకోటి లేదు.

మీ విషయానికి వస్తే, అది మొద్దే అని తీర్పు చెప్పను. బతికున్నవి కూడా ఇలా మోసం చేస్తాయి. డార్టర్ పక్షి ఒళ్లంతా నీళ్లలో ముంచి, పాములాంటి మెడ మాత్రం బయట పెట్టి ఈదుతుంది, చటుక్కున మునుగుతుంది. నీటికుక్కలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే ఒకే పొడుగాటి జంతువు మూపురాల్లా ఉంటాయి. ఈదే జంతువైతే దాని వెనక నీటి మీద కోణంలా విచ్చుకుంటూ పోయే అల ఉంటుంది. నీటితో పాటు మెల్లగా కొట్టుకుపోయే మొద్దుకు అలాంటి అల రాదు. ఒక హెచ్చరిక కూడా: మొసళ్లు ఉండే నీళ్లయితే మొద్దును మొసలి అనుకున్నా నష్టం లేదు, మొసలిని మొద్దు అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. దగ్గరికి మాత్రం వెళ్లకండి.

పట్టపగలు మీరు నిలబడ్డ చోటే నిలబడి, అదే దిక్కు చూస్తూ ఒక ఫొటో తీయండి. అవతలి ఒడ్డు కనిపించాలి, అక్కడ మనిషి గానీ పశువు గానీ ఉంటే ఇంకా మంచిది. నీళ్లు తగ్గే కాలంలో మరోసారి చూస్తే అడుగున ఇరుక్కున్న మొద్దులు బయటపడతాయి. ఇవి కూడా చెప్పండి: ఆకారం వెనక నీటి మీద అల కనిపించిందా? మునిగేటప్పుడు నిటారుగా దిగిందా, ముందుకు వంగిందా? అది మునిగాకైనా మీరు వీడియో తీసి ఉండి, ఒక్క ఫ్రేములోనైనా అవతలి ఒడ్డు పడి ఉంటే దాన్ని అలాగే పెట్టండి, జూమ్ చేయొద్దు. ఎంత దూరంలో ఉందో అంచనా వేయడానికి నాకు కావాల్సింది ఆ ఒడ్డే.