సామంతులు తిరగబడేది కప్పం దగ్గరే

అంతరిక్షంలో సామ్రాజ్యం కట్టుకునే స్టెల్లారిస్ అనే కంప్యూటర్ ఆటలో సామంత రాజ్యాలు కొన్నాళ్లు బాగానే ఉండి తర్వాత తిరగబడుతున్నాయి, వాటిని నిలబెట్టుకోవడం ఎలా అని అడిగారు. విజయనగరంలో మా ఇంటి డాబా మీద గదిలో ఏళ్ల తరబడి ఈ ఆటే ఆడుతున్నాను. నేను చెప్పేది ఒక్కటే: కప్పం తగ్గించండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది నాకు ఒక్క రాత్రిలో తెలిసొచ్చింది. పోయిన వేసవిలో మొదలుపెట్టిన ఆట అది. నా గ్రహాలకు మన నదుల పేర్లే పెడతాను: నాగావళి, వంశధార, గోస్తని, చంపావతి. సామ్రాజ్యం మరీ పెద్దదైపోతుంటే చంపావతి ఉన్న సెక్టార్‌ని, అంటే ఆ చుట్టుపక్కల గ్రహాల గుంపుని, విడదీసి సామంత రాజ్యం చేశాను. దాన్ని ప్రాస్పెక్టోరియంగా మార్చాను, అంటే గనులు తవ్వి మనకు సరుకు పంపే రాజ్యం. కప్పం 30 శాతం. విధేయత నెలనెలా కొంచెం పెరుగుతూనే ఉంది.

ఇంతలో తూర్పు సరిహద్దులో యుద్ధం వచ్చిపడింది. ఓడలు కట్టడానికి ఖనిజాలు చాలలేదు. ఒప్పందం తెరిచి 30ని 45 చేశాను. వాళ్లూ ఒప్పుకున్నారు. ఆ నెల నుంచే విధేయత అంకె పచ్చరంగు పోయి ఎర్రబడింది. మౌస్ దాని మీద పెడితే కారణాలన్నీ వరసగా కనిపిస్తాయి. పన్ను లైను దగ్గరే పెద్ద మైనస్ ఉంది. చూశాను, యుద్ధం అయ్యాక సర్దుదాంలే అనుకున్నాను. ఒప్పందం ఒకసారి మార్చాక కొన్నేళ్ల దాకా మళ్లీ ముట్టుకోనివ్వదు కూడా. ఆ గడువు తీరేసరికి నా ధ్యాసంతా తూర్పునే ఉంది.

రాత్రి రెండు దాటాక తెర మీద కబురు వచ్చింది. చంపావతి స్వాతంత్ర్య యుద్ధం ప్రకటించింది. ఇంకో సామంతుడు కూడా వాళ్లతో కలిశాడు. నా నౌకాదళం మొత్తం గెలాక్సీకి అవతలి కొసన ఉంది. ఒకే సేవ్ ఉండే ఐరన్‌మ్యాన్ పద్ధతిలో ఆడుతున్నాను కాబట్టి పాత సేవ్‌కి వెళ్లే దారి లేదు. అమ్మ మంచినీళ్లకు లేచి, లైటు చూసి, "ఏట్రా, ఇంకా పడుకోలేదా?" అంది. నాకు నోట మాట రాలేదు. నేను పేరు పెట్టిన ఊరు, నా జాతి జనమే ఉన్న ఊరు, నా మీదికే ఓడలు పంపింది. తప్పు నాదే.

ఇంగ్లిష్‌లో ఉన్న వీడియోలు చాలా చూశాను. సగం మంది పన్ను పిండుకోమనే చెప్తారు. 2022 మేలో ఈ ఆటకి ఓవర్‌లార్డ్ అనే అదనపు భాగం వచ్చి సామంతుల వ్యవహారమంతా మారిపోయింది. అంతకు ముందు చేసిన వీడియోలనే ఇప్పటికీ జనం చూసి అలాగే ఆడుతున్నారు. అడుగుదామంటే మా వైపు కుర్రాళ్లంతా ఫోన్లో తుపాకీ ఆటలే. నాలుగు గంటలు కూర్చుని ఒప్పందాల గురించి మాట్లాడేవాడు ఒక్కడు దొరకడు.

అసలు విజయనగరం వాళ్లకి ఈ సంగతి ఆట చెప్పాల్సిన పని లేదు. ఈస్టిండియా కంపెనీ పేష్కష్ (అంటే కప్పం) బకాయిలంటూ విజయనగరం జమీందార్లు పూసపాటి వారి మీద ఒత్తిడి పెంచుకుంటూ పోయింది. చివరికి జమీందారీ వదిలేసి, నెలకింత భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. చిన విజయరామరాజు వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర పోరాడి ప్రాణం విడిచారు. యుద్ధం గెలిచినా కంపెనీకి నెమ్మది దక్కలేదు. రాజుగారి కొడుకు కొండ జమీందార్ల అండకు చేరాడు. ఆఖరికి జమీందారీలో చాలా భాగం తిరిగి ఇచ్చి, కట్టాల్సింది ఇంతని తేల్చాకే ఆ గొడవ సద్దుమణిగింది. భీమిలి వెళ్లేటప్పుడు పద్మనాభం కొండ కనిపిస్తే ఇప్పుడు నాకు ఆ 45 శాతమే గుర్తొస్తుంది.

సామంతుల సంఖ్య కూడా చూసుకోండి. ఒక్కొక్కరినీ చేర్చుకునే కొద్దీ ఉన్నవాళ్ల విధేయత తగ్గుతుంది. ఇంకో పెద్ద సామ్రాజ్యం పక్కనుంటే మన సామంతులు లోపాయికారీగా అటు మాటిచ్చేసే ప్రమాదం కూడా ఉంది. నేనిప్పుడు ఇద్దరికి మించి పెట్టుకోవడం లేదు. ఒకరు స్కాలరియం, పరిశోధన పంపుతారు. వాళ్ల సైన్యం బలహీనం కాబట్టి కాపాడే పూచీ నాదే. ఇంకొకరు బుల్‌వార్క్, సరిహద్దు కాస్తారు, వాళ్లకు నేనే ఎదురు సరుకు ఇస్తున్నాను. నేను మొదలుపెట్టిన యుద్ధాలకు వాళ్లు రావాలన్న షరతు తీసేశాను. వాళ్ల నేల మీద నా హోల్డింగులు, అంటే నేను కట్టుకునే కట్టడాలు, ఒకటికి మించి అడగను. ఖజానాకి కొంచెం ఇబ్బందే, కానీ నౌకాదళాన్ని ఎంత దూరమైనా ధైర్యంగా పంపగలుగుతున్నాను.

ఇప్పుడు ఆడుతున్న ఈ కొత్త ఆటలో కూడా బుల్‌వార్క్ రాజధానికి చంపావతి అనే పేరు పెట్టాను. ఆటలో ఇప్పుడు 2371వ సంవత్సరం నడుస్తోంది. విధేయత అంకె ఇంకా పచ్చగానే ఉంది.