నల్ల కారు, బొగ్గు దుమ్ము, మా నాయిన పాత బనీను

కారు మెరుపు పోతున్నది, సెరామిక్ కోటింగ్ (రంగు కాపాడనీకె మీద వేసే గట్టి పూత) చేయించాలా అని అడిగిన్రు. ముందుగాల మీ ఇంట్ల కారు ఎవరు తుడుస్తున్నరో, దేంతోని తుడుస్తున్నరో చూసుకోండి. కోటింగ్ సంగతి తర్వాత.

మాది మహారాష్ట్రల బల్లార్షా. మా నాయిన మంచిర్యాల దిక్కు నుంచి బొగ్గుబాయి పనికొచ్చి ఇక్కడనే ఉండిపోయిండు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద ఇల్లు. రాత్రి కడిగి పెట్టిన కారు మీద తెల్లారి వేలుతోని పేరు రాయొచ్చు. అసొంటి ఊర్ల నేను నల్ల కారు కొన్న, సెకండ్ హ్యాండ్ల అగ్గువకు వచ్చిందని.

రిటైరైన నాయినకు అదే డ్యూటీ అయింది. పొద్దున ఐదు గొట్టంగ లేచి, పాత బనీను దులుపుకొని, నీళ్ళ చుక్క తగలకుంట గుండ్రంగ తిప్పుకుంట బానెట్ అంత తుడిచేటోడు. "రోజు నీళ్ళు పోస్తే తుప్పు పడ్తదిరా" అనేటోడు. అద్దం లెక్క మెరుస్తుంటే నేనూ మురిసిన. ఏడాదికి, కాగజ్‌నగర్ల పెండ్లి చూసుకొని వస్తుంటే రాజురా దగ్గర బంకుల ఆగినం. పైన లైట్ల కింద చూద్దును కదా, బానెట్ నిండ సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు. నాయిన ముందు సీట్ల గుర్రు కొడుతున్నడు. లేపబుద్ధి కాలె.

రంగు మీద ఉండే క్లియర్ కోట్, అంటే అద్దం లెక్క ఉండే పై పొర, 40, 50 మైక్రాన్లే ఉంటది, తలవెంట్రుక అంత మందం గూడ కాదు. దుమ్ముల ఇసుక ఉంటది. పొడిగుడ్డతోని తుడుసుడంటే గరుకు కాయితం పెట్టి తోముడే. పాలిష్ కొడితే గీతలు పోతయి గాని ఆ పొరనే కొంత గీకుతరు. ఎన్నిసార్లని గీకిస్తరు? సెరామిక్ వేసినా పొడిగుడ్డ ముందర నిలవదు. ఈ ముక్క కోటింగ్ అమ్మేటోడు చచ్చినా చెప్పడు.

నేను చేసేది చెప్త. నీడల పెట్టి, ముట్టకుంట పైకెల్లి నీళ్ళు కొట్టి దుమ్ము జారనిస్త. తర్వాత కారు షాంపూ, రెండు బకెట్లు: ఒకటి నురగకు, ఒకటి గుడ్డ జాడించనీకె. సర్ఫు, గిన్నెల సబ్బు వద్దే వద్దు, రంగు మీద ఉన్న వ్యాక్స్, అంటే మైనం పూత, గూడ పోతది. మైక్రోఫైబర్ గుడ్డతోని వెంటనే తడి తీయాలె, లేకుంటే మా బోరునీళ్ళకు తెల్లమచ్చలు పడ్తయి.

లోపల సంగతి ఎవరూ అడగరు. అత్తరు డబ్బాలు మాత్రం నాలుగు వేలాడదీస్తరు! చాలాసార్లు వాసన వచ్చేది ఏసీ ఫిల్టర్ల నుంచి. చాలా కార్లల్ల గ్లవ్‌బాక్స్ ఎనక ఉంటది, తీసి చూడండి. నాది తీస్తే బొగ్గుబాయి నుంచి తెచ్చినట్టే ఉండె. డాష్‌బోర్డుకు జిడ్డు పాలిష్ కొట్టేటోళ్ళ మీద నాకు వేరే కోపం. మే నెల ఎండల దాని మెరుపంత ముందటి అద్దంల పడి రోడ్డు కండ్లవడదు.

గీతల సంగతి నాయినకు ఇప్పటికీ చెప్పలె. డాక్టర్ నడవమన్నడని పొద్దుపొద్దుగాల బయటికి తోలుతున్న. నిన్న గేటు తీసి చూస్తే ఎదురింటోళ్ళ కొత్త కారు కాడ నిలబడ్డడు, చేతుల బనీను.