ఓర్లాండో హాలోవీన్ పార్టీకి విడిగా టికెట్ కొనాలా?

ఐదేళ్ళ బాబు, ఇండియా నుంచి వస్తున్న అమ్మానాన్నలతో అక్టోబరులో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నామని, పగటి టికెట్‌తో పాటు హాలోవీన్ పార్టీ టికెట్ కూడా తీసుకోవాలా అని అడిగారు. మేం దగ్గర్లోని టాంపాలో ఉంటాం, రెండుసార్లు వెళ్ళొచ్చాం. నా మాట వింటే ఆ రోజుకి పార్టీ టికెట్ ఒక్కటే కొనండి.

డిస్నీ వాళ్ళ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో జరిగే ఈ ‘మిక్కీస్ నాట్-సో-స్కేరీ హాలోవీన్ పార్టీ’ రాత్రి 7 నుంచి 12 దాకా. కానీ ఆ టికెట్ ఉంటే సాయంత్రం 4కే లోపలికి వదిలేస్తారు, అంటే ఎనిమిది గంటలు చేతిలో ఉన్నట్టే. మొదటిసారి మాకిది తెలియక రెండు టికెట్లూ కొని పొద్దున్నే వెళ్ళాం. పరేడ్ వేళకి మా పాప స్ట్రోలర్‌లో గాఢనిద్రలో ఉంది. మర్నాడు లేచి “గుర్రం వచ్చిందా అమ్మా?” అని అడిగితే నాకు ఏడుపొచ్చింది.

రెండోసారి, 2023లో అక్టోబరు మొదటి వారం, మామూలు పనిరోజు చూసుకుని వెళ్ళాం. మధ్యాహ్నం అన్నం పెట్టి, పాపని రెండు గంటలు పడుకోబెట్టి బయల్దేరాం. మా అమ్మ కూడా వచ్చింది. “మహాలయ పక్షాలు నడుస్తుంటే ఈ దెయ్యాల తిరనాళ్ళేంటే?” అని దారిపొడుగునా అంటూనే ఉంది. కారు పెట్టాక గేటు చేరడానికి చెరువు మీద ఫెర్రీ గానీ, మోనోరైలు గానీ ఎక్కాలి. దానికో ముప్పావుగంట వేసుకోండి.

ఈ పార్టీకి ప్రాణం పరేడే. రెండుసార్లు వస్తుంది. మేం వెళ్ళినప్పుడు 9.15కి, 11.15కి. పార్కులో ఫ్రాంటియర్‌ల్యాండ్ అనే భాగం వైపు జనం పలచగా ఉంటే గంట ముందే వెళ్ళి రోడ్డు అంచున కూర్చున్నాం. ముందుగా నల్లగుర్రం మీద తల లేని రౌతు, చేతిలో వెలిగే గుమ్మడికాయతో దూసుకుపోతాడు. ఒక్క క్షణమే, రెప్ప వేస్తే పోయినట్టే. తర్వాత సమాధులు తవ్వేవాళ్ళు వరుసగా వచ్చి పారల్ని రోడ్డుకేసి రాస్తుంటే నిప్పురవ్వలు లేచాయి. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుందే గానీ ఏడవలేదు. అమ్మ మాత్రం ముందుకు వంగి, “అచ్చం మన పగటివేషాల వాళ్ళేనే” అంది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చూసిన వేషాలన్నీ ఆ రాత్రి మాకు చెప్పింది. ఆ ఒక్కదానికే నా డబ్బులు నాకు వచ్చేశాయి.

స్నోవైట్ కథలోని ఏడుగురు మరుగుజ్జులతో ఫొటోకి వరుస గంట దాటి ఉంది, మేం నిలబడలేదు. బాణసంచా 10.15కి. అది అయ్యాక చిన్నపిల్లల వాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోతారు. బాబు మెలకువగా ఉంటే రెండో పరేడ్ ఇంకా తీరుబడిగా చూడొచ్చు.

ఇక పార్టీలో పంచిపెట్టే మిఠాయిల సంగతి. మీరు శాకాహారులైతే ఇంటికెళ్ళాక సంచీ బోర్లించి చూసుకోండి. ఇక్కడ అమ్మే స్టార్‌బర్స్ట్ అనే మిఠాయిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. వేరుశెనగలాంటివి పడని పిల్లలుంటే మొదట్లోనే అడగండి, నీలాకుపచ్చ రంగు సంచీ ఇచ్చి వేరే తినుబండారాలు ఇస్తారు.

వేషాలు పెద్దవాళ్ళూ వేసుకోవచ్చు. 14 ఏళ్ళు, ఆ పైన ఉన్నవాళ్ళు ముఖానికి మాస్కులు తొడగకూడదు, బట్టలు నేలకి జీరాడకూడదు.

ధర తేదీని బట్టి మారుతుంది. 2024లో పెద్దవాళ్ళకి పన్ను కాక 119 నుంచి 199 డాలర్లు ఉండేది. పదేళ్ళు నిండితే పెద్ద టికెట్టే. మూడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి తగ్గేది పది డాలర్లే. ఆ ధరల లెక్కన మీ అయిదుగురికి అన్నిటికంటే చవక రోజున కూడా 600 దాకా అయ్యేది, హాలోవీన్ రోజైన అక్టోబరు 31న వెళ్తే వెయ్యి దగ్గరికి. 31 వద్దే వద్దు. వాన పడినా డబ్బు వెనక్కి రాదు కాబట్టి రెయిన్‌కోట్లు ఇంటినుంచే తీసుకెళ్ళండి.

టికెట్ కొనేటప్పుడు పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అదే ఊళ్ళో యూనివర్సల్ అనే వేరే పార్కు వాళ్ళ ‘హాలోవీన్ హారర్ నైట్స్’ కూడా ఉంటుంది. అది నిజంగా భయపెట్టేది. 13 ఏళ్ళలోపు పిల్లల్ని తీసుకురావద్దని వాళ్ళే చెబుతారు.

నాన్నగారికి మోకాళ్ళ నొప్పులుంటే గేటు దగ్గరే వీల్‌చెయిర్ అద్దెకి తీసుకోండి. వద్దంటారు, అయినా తీసుకోండి. మా అమ్మ కూడా ముందు వద్దంది. తొమ్మిదింటికి అందులో కూర్చుని, పాపని ఒళ్ళో పెట్టుకుని, పరేడ్ ఎప్పుడొస్తుందని అడగడం మొదలుపెట్టింది.