2 పవర్ ఎక్స్ గ్రాఫ్ ఎక్స్ యాక్సిస్‌ని ఎందుకు తాకదు?

ప్రశ్న: మేడమ్, 2 పవర్ ఎక్స్ లాంటి ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్ల రూల్సన్నీ బట్టీ పట్టేశాను, మార్కులు కూడా బాగానే వస్తున్నాయి. కానీ 2 పవర్ 0 అంటే 1 ఎందుకు? గ్రాఫ్ ఎడమవైపు ఎక్స్ యాక్సిస్ దాకా వెళ్లి కూడా దాన్ని ఎందుకు తాకదు? ఎవర్నడిగినా రూల్ అంతే అంటున్నారు.
– ఒక విద్యార్థిని

జవాబు: రూల్ అంతే అని ఎవరైనా అంటే లెక్కల్లో మాత్రం అస్సలు ఊరుకోకమ్మా, నువ్వు అడిగింది చాలా మంచి ప్రశ్న. ఎక్స్‌కి 1 కలిపిన ప్రతిసారీ 2 పవర్ ఎక్స్ విలువ రెట్టింపవుతుంది, 1 తీసేసిన ప్రతిసారీ సగమవుతుంది, ఈ ఒక్క ముక్క పట్టుకుంటే నువ్వు బట్టీ పట్టినవన్నీ అందులోంచే వచ్చేస్తాయి.

కాయితం తీసుకుని 2 పవర్ 3 నుంచి వెనక్కి రా. 8, 4, 2... ఇప్పుడు ఘాతం, అంటే పవర్‌లో ఉన్న సంఖ్య, 1 దగ్గరున్నాం కదా, ఇంకో మెట్టు దిగితే ఘాతం సున్నా, విలువ 2లో సగం, అంటే 1. అంతే! అక్కడ ఆగాల్సిన పనేం లేదు కాబట్టి ఇంకా దిగు, మైనస్ 1 దగ్గర అర, మైనస్ 2 దగ్గర పావు, మైనస్ 3 దగ్గర 1/8. ఘాతం మైనస్ అయితే విలువ కూడా మైనస్ అయిపోతుందనుకుంటారు చాలామంది, అవదు, చిన్నదవుతుందంతే. సగంలో సగం చేసుకుంటూ ఎంత దూరం పోయినా ఎంతో కొంత మిగులుతూనే ఉంటుంది గానీ సున్నా రాదు. మైనస్ 10 దగ్గర 1/1024, మైనస్ 20 దగ్గరికొచ్చేసరికి 1/1048576, నీ పెన్సిల్ గీత మందం అంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి బొమ్మలో గీతలు రెండూ అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి.

2 పవర్ 3 ఇంటూ 2 పవర్ 4 అంటే మూడు మెట్లెక్కి ఇంకో నాలుగెక్కడం, మొత్తం 7, అందుకే ఘాతాలు కలుపుతాం. 2 పవర్ అర అన్నా ఇదే సంగతి, అరమెట్టు చొప్పున రెండుసార్లు ఎక్కితే రెట్టింపవ్వాలి కాబట్టి అది రూట్ 2, సుమారు 1.414. అయితే ఇది గుణకారానికే సుమా, కూడికకి ఇలాంటి రూల్ లేదు, 8, 16 కలిపితే 24, 2 పవర్ 7 ఏమో 128. పరీక్ష పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

ప్రశ్న: ఎక్స్ స్క్వేర్ కూడా వేగంగానే పెరుగుతుంది కదండీ, మరి దాన్ని ఎక్స్‌పొనెన్షియల్ అని ఎందుకనరు?
– ఒక పాఠకుడు

జవాబు: మొదట్లో రెండూ ఒకలాగే కనిపిస్తాయండి. ఎక్స్ 2 అయినా 4 అయినా రెండిటికీ ఒకటే విలువ, మధ్యలో 3 దగ్గరైతే ఎక్స్ స్క్వేరే ముందుంటుంది, 9కి 8. కానీ 10 దగ్గర చూడండి, 100 ఎక్కడ 1024 ఎక్కడ. సరే, స్క్వేర్ బదులు ఎక్స్ పవర్ 10 పెట్టండి. ఎక్స్ 10 అయితే దాని విలువ వెయ్యి కోట్లు, 2 పవర్ ఎక్స్ మాత్రం అదే 1024, ఇక అందుకోలేదనిపిస్తుంది, 58 దాకా వెనకే ఉంటుంది కూడా, 59 దగ్గర దాటేస్తుంది, ఆ తర్వాత ఇంకెప్పుడూ వెనకబడదు. ఎందుకంటే ఎక్స్ పవర్ 10లో ఒక్కో అడుక్కీ ఎన్ని రెట్లు పెరుగుతోందనేది తగ్గిపోతూ ఉంటుంది, ఎక్స్ 100 నుంచి 101కి వెళ్తే సుమారు 1.105 రెట్లే. 2 పవర్ ఎక్స్‌కి ఎక్కడ చూసినా 2 రెట్లే. అందుకే ఏదైనా గబగబా పెరుగుతోంటే చాలు ఎక్స్‌పొనెన్షియల్ అనేయడం నాకు నచ్చదు, సమాన దూరాల్లో విలువలు తీసుకుని ఒకదాన్ని దాని ముందుదానితో భాగించి చూడండి, ప్రతిసారీ ఒకే సంఖ్య వస్తేనే అనాలి.

ప్రశ్న: బేస్‌గా, అంటే పవర్ ఎక్స్‌కి ముందుండే సంఖ్యగా, 2, 3, 10 లాంటి చక్కటి సంఖ్యలుండగా ఎక్కువగా వాడే ఆ 2.718 దేనికండీ?
– మరో పాఠకుడు

జవాబు: వాలు కోసమండి. ఈ గ్రాఫులన్నీ ఎక్స్ సున్నా దగ్గర 1 ఎత్తులోనే కలుస్తాయి, అక్కడ వాలు కొలిస్తే 2 పవర్ ఎక్స్‌కి సుమారు 0.693, 3 పవర్ ఎక్స్‌కి 1.099. మరి వాలు సరిగ్గా 1 ఉండాలంటే బేస్ ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉండాలి కదా, అదే 2.71828..., దాన్నే ఇ అంటాం. ఆ బేస్‌తో గీస్తే గ్రాఫ్ మీద ఏ బిందువు దగ్గరైనా ఎత్తు ఎంతో వాలూ అంతే, 5 ఎత్తులో ఉంటే వాలు కూడా 5. కాల్‌క్యులస్‌లో వేరే బేస్ వాడితే ప్రతి లైన్లో ఆ 0.693 లాంటిదొకటి మోసుకు తిరగాలి, ఇ వాడితే ఆ బాధే ఉండదు.