పాత స్టూళ్ల కోసం కొత్త అప్పు చేయకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మావారు అచ్యుతాపురంలో ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తారు. నెలకు చేతికి 78,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 29,000, కారుది 9,000, పాప స్కూలు, ఇంటి ఖర్చులు కలిపి 30,000. ఏటా ఏప్రిల్‌లో 90,000 దాకా బోనస్ వస్తుంది. బ్యాంకులో 55,000 ఉంది. కొత్త ఫ్లాట్ కోసం పాత సామాన్ల షాపులో రెండు రోజ్‌వుడ్ స్టూళ్లు, ఒక ముక్కాలి పీట చూశాం. మూడూ కలిపి 1,40,000. 5,000 అడ్వాన్సు ఇచ్చాం. ఒక స్టూల్ మీద దంతపు పని ఉంది, ఈస్టిండియా కంపెనీ దొరల కాలం నాటిదట. విదేశాల్లో గిరాకీ ఉందని, ఐదేళ్లలో ధర రెట్టింపవుతుందని షాపతను చెప్పాడు. 16 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ దొరుకుతోంది. లేదంటే నా గొలుసు కుదువ పెట్టమంటారా? ఇంటికి అందం, మనకు పెట్టుబడి, రెండూ అవుతాయి కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: లోన్ తీసుకోకండి. గొలుసు కుదువ పెట్టకండి. స్టూళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది బ్యాంకులో ఉన్న ఆ 55,000 చూసి. నెలకు 68,000 ఖర్చుండే ఇంటికి అది ఇరవై నాలుగు రోజులకు సరిపోతుంది. మీవారి జీతం ఒక్క నెల ఆగితే ఇరవై అయిదో రోజున మీరు ఎవరి దగ్గర చేయి చాస్తారు?

కొత్త ఇల్లు కొన్నవాళ్లు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు, అందుకే మీ ప్రశ్నకు వివరంగా రాస్తున్నాను. రిజిస్ట్రేషన్, కబోర్డులు, గృహప్రవేశం అయ్యేసరికి చేతిలో డబ్బంతా ఊడ్చుకుపోతుంది. సరిగ్గా అప్పుడే ఇల్లు ముచ్చటగా సర్దుకోవాలనిపిస్తుంది. డబ్బు లేదు కాబట్టి అప్పు చేస్తారు. అప్పు చేశామని మనసు పీకకుండా ఆ వస్తువుకి పెట్టుబడి అని పేరు పెట్టుకుంటారు.

లెక్క చూడండి. 1,40,000 లోన్‌కి 16 శాతం చొప్పున రెండేళ్లపాటు నెలకు సుమారు 6,855 కట్టాలి. వడ్డీ 24,500 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే ఇంకో 3,300. అంటే 28,000 దాకా అదనం. ఇప్పుడు నెలాఖరుకి మీకు మిగిలే 10,000లో ఇక మిగిలేది 3,145. మూడు ఈఎంఐలు కలిసి జీతంలో సగం దాటిపోతాయి. ఇలాంటి ఇంట్లో పాపకి నాలుగు రోజులు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరితే బిల్లు క్రెడిట్ కార్డు మీదకే పోతుంది. ఆ బాకీ మీద నెలకు 3 శాతానికి పైగా వడ్డీ. కూర్చునే స్టూల్ కోసం ఇంత టెన్షన్ ఎందుకు తెచ్చుకోవాలి?

విశాఖలో ఉన్నవాళ్లకు అత్యవసర నిధి గురించి నేను పెద్దగా చెప్పనక్కర్లేదు అనుకుంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక, ఫోన్లు లేక, ఏటీఎంలు పనిచేయక ఊరు ఊరంతా ఎలా అల్లాడిందో మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి వారంలో డబ్బు చేతికి అందేలా ఉండాలి. రోజ్‌వుడ్ స్టూల్‌ని ఆ వారంలో ఎవరూ కొనరు. మీ గొలుసు మాత్రం అక్కరకు వస్తుంది. ఇవాళ మీ ఇంట్లో ఆపదకు పనికొచ్చే వస్తువు అదొక్కటే. దాన్ని పీటల కోసం తాకట్టు పెడతానంటే నేను ఒప్పుకోను.

ఇక పెట్టుబడి మాట. మన దేశంలో వందేళ్లు దాటిన హస్తకళా వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం కిందకు వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నిషేధం. వాటితో వ్యాపారం చేయాలన్నా లైసెన్సు ఉండాలి. స్టూల్ నిజంగా కంపెనీ కాలం నాటిదైతే విదేశీ గిరాకీ మీకు పనికిరాదు. కాకపోతే ఆ ధరకు అర్థమే లేదు.

దంతపు పని గురించి ఇంకా జాగ్రత్త. విశాఖపట్నం దంతపు పనికి 18వ శతాబ్దంలోనే పెద్ద పేరు. ఇక్కడి పనివాళ్లు రోజ్‌వుడ్, నల్లచేవ, గంధపు చెక్కల మీద దంతం పొదిగి దొరలకు కుర్చీలు, పెట్టెలు చేసిచ్చేవారు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పేరు వాడుకుని ఎముకనో ప్లాస్టిక్‌నో అతికించి అమ్మేవాళ్లుంటారు. పోనీ నిజంగా ఏనుగు దంతమే అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని కొనడమే నేరం. ఎటు చూసినా ఆ స్టూల్ మీ ఇంటికి రాకూడదు.

షాపతన్ని ఒక్క మాట అడగండి: "వచ్చే ఏడాది నేనే తిరిగి తెస్తే ఎంతకు తీసుకుంటారు? బిల్లు మీద రాసివ్వండి." రెట్టింపవుతుందని అంత నమ్మకం ఉన్నవాడు కనీసం కొన్న ధరైనా రాసివ్వాలి.

పాత సామాను మీద మీకున్న ఇష్టాన్ని నేను తప్పుపట్టను. గట్టి కర్రతో చేసిన పీట రెండు తరాలు వస్తుంది, ఎగుడుదిగుడు నేల మీద కూడా మూడు కాళ్ల పీట ఊగదు. కొనే రోజు వచ్చినప్పుడు మాత్రం స్టూల్‌ని తలకిందులు చేసి చూడండి. అడుగున ప్లస్ గుర్తు మరలు ఉంటే అది 150 ఏళ్ల నాటిదన్న మాట నమ్మకండి, ఆ మరలు వాడకంలోకి వచ్చింది 1930లలో. మర తర్వాత రిపేరులో వేసిందంటే పాత మేకు రంధ్రం ఎక్కడుందో చూపించమనండి. కాళ్లు ఆనించే అడ్డకర్ర మధ్యలో అరిగి నున్నగా ఉండాలి, నాలుగు వైపులా ఒకేలా అరిగి ఉంటే అది యంత్రంతో అరగదీసింది. సన్న రంధ్రాల కింద తాజా పొడి రాలుతుంటే పుచ్చు ఇంకా తింటోందని అర్థం. మన సముద్రపు గాలికి ఇనప మేకుల చుట్టూ కర్ర నల్లబడి మెత్తబడుతుంది, అక్కడ గోటితో నొక్కి చూడండి. వంటింటి గట్టు దగ్గర వేసుకోవాలంటే ఎత్తు 24 నుంచి 26 అంగుళాలు ఉండాలి, టేపు తీసుకెళ్లండి.

కొనేముందు మీ సొంతూళ్లో అటకలు కూడా చూడండి. ఉత్తరాంధ్రలో రంగూన్ వెళ్లొచ్చిన కుటుంబాల ఇళ్లలో బర్మా టేకు పీటలు ఇప్పటికీ మూలన పడి ఉంటాయి. పెద్దవాళ్లను అడిగితే పాలిష్ ఖర్చుతో ఇంటికొస్తాయి.

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 4,08,000 పక్కన ఉండాలి. నెలనెలా మిగిలే 10,000 జీతం పడిన రోజే వేరే ఖాతాకు వెళ్లేలా పెట్టుకోండి, ఏప్రిల్ బోనస్ మొత్తం అందులోనే వేయండి. ఇప్పుడున్న 55,000కి బోనస్, ఆరు నెలల పొదుపు కలిస్తే 2,05,000 అవుతుంది, అది మూడు నెలల ఖర్చు. అప్పుడు ఆ తర్వాతి నెల మిగులుతో ఒక పీట, రొక్కం ఇచ్చి కొనుక్కోండి. మిగతావి 4,08,000 నిండాకే. సిప్‌ల (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సొమ్ము) గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు. మీవారి పేరున ఇంటి లోన్‌కి తగ్గ టర్మ్ పాలసీ లేకపోతే మాత్రం ఈ నెలే తీసుకోండి. ఇంటి బీమాలో పాత కళాఖండాలకు విడిగా విలువ కట్టించి చేర్పించాలి, చెదలు పడితే పాలసీ డబ్బు ఇవ్వదు.

5,000 అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇవ్వనంటే వదిలేసి వచ్చేయండి. ఆ 5,000 పోయినా, లోన్ మీద కట్టబోయే 28,000తో పోలిస్తే మీకు 23,000 మిగిలినట్టే.