లూసియానాను ఏలిన హ్యూయీ లాంగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా మహామాంద్యం గురించి గత సంచికలో ప్రచురించిన వ్యాసంలో లూసియానా గవర్నరు హ్యూయీ లాంగ్ పేరు ఒకే ఒక్క వాక్యంలో వచ్చిపోయింది. ఆయన గురించి వివరంగా రాయమంటూ చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువమంది అడిగిన ప్రశ్నలను ఎంచి, ఈ సంచిక శీర్షికను ఆయనకే కేటాయించాం.

ప్రశ్న: ఒక రాష్ట్ర గవర్నరు పేరు ఇంతకాలం చరిత్రలో నిలవడానికి కారణమేమిటి? గవర్నరుది అలంకారప్రాయమైన పదవి కదా?

జవాబు: అమెరికాలో కాదు. అక్కడ గవర్నరును రాష్ట్ర ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, పాలన యావత్తూ ఆయన చేతుల మీదుగానే నడుస్తుంది. కాబట్టి మన ముఖ్యమంత్రితో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది.

హ్యూయీ పియర్స్ లాంగ్ 1893 ఆగస్టు 30న ఉత్తర లూసియానాలోని విన్‌ఫీల్డ్‌లో జన్మించాడు. అది చిన్న రైతుల ప్రాంతం. బానిస యజమానులైన పెద్ద తోటల దొరలంటే అక్కడివారికి తొలినుంచీ గిట్టదు. తాను కటిక పేదరికంలో పెరిగానని లాంగ్ వేదికల మీద చెప్పుకునేవాడు గానీ, తండ్రికి భూమి ఉండేది, ఇల్లు సజావుగానే గడిచేది. చదువు మధ్యలో మానేసి ఊరూరా తిరిగి సరుకులు అమ్మాడు. ఆ తిరుగుడులో నేర్చిన మాటకారితనమే తరువాత ఆయనకు పెట్టుబడి అయింది. టులేన్ విశ్వవిద్యాలయంలో ఒక్క ఏడాది న్యాయశాస్త్రం చదివి, 1915లో పరీక్ష నెగ్గి న్యాయవాది అయ్యాడు. కనీస వయసు నిబంధన లేని పదవి ఏదా అని వెతికి, 1918లో ఇరవై అయిదేళ్లకే రైళ్లు, టెలిఫోన్ల ఛార్జీలను నియంత్రించే రాష్ట్ర రైల్‌రోడ్ కమిషన్‌కు ఎన్నికయ్యాడు. టెలిఫోన్ కంపెనీ ఛార్జీలు పెంచినప్పుడు దావా వేసి, దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచి, చందాదారులకు డబ్బు వెనక్కి ఇప్పించాడు. 1924లో గవర్నరు పదవికి పోటీ చేసి మూడో స్థానంలో ఆగిపోయాడు. 1928లో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచే పోటీలో సుమారు 44 శాతం ఓట్లతో గెలిచాడు. ఆ రోజుల్లో లూసియానాలో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం దక్కితే ఎన్నిక గెలిచినట్టే లెక్క.

ఆయనకు ముందు రాష్ట్రాన్ని నడిపించింది న్యూ ఆర్లీన్స్ నగర రాజకీయ ముఠా, పత్తి, చెరకు తోటల యజమానులు, స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ. రాష్ట్రం మొత్తం మీద పక్కా రోడ్లు సుమారు 300 మైళ్లకు మించి లేవు. పెద్ద నదుల మీద వంతెనలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అక్షరాస్యతలో లూసియానా దేశంలోనే అట్టడుగు వరుసలో ఉండేది. లాంగ్ ఎదుగుదలకు ఆయన ప్రతిభ ఎంత కారణమో, అంతకుముందు తరాలవారు చేయకుండా వదిలేసిన పని కూడా అంతే కారణమని మా అభిప్రాయం.

ప్రశ్న: ఉచిత పాఠ్యపుస్తకాల మీద కోర్టు వ్యాజ్యం నడిచిందని చదివాను. పిల్లలకు పుస్తకాలిస్తే ఎవరికి అభ్యంతరం?

జవాబు: పాఠ్యపుస్తకాల ఖర్చు అంతవరకు తల్లిదండ్రులదే. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న కౌలురైతు ఒకరినే బడికి పంపి తక్కినవారిని పొలంలోనే ఉంచుకోవడం మామూలు సంగతి. ప్రభుత్వమే పుస్తకాలు కొని ఇచ్చేలా లాంగ్ 1928లో చట్టం చేయించాడు. భూమి నుంచి తీసే చమురు, సహజ వాయువు, కొట్టే కలప మీద పన్ను పెంచి అందుకు నిధులు సమకూర్చాడు.

దక్షిణ లూసియానాలో కాథలిక్కులు ఎక్కువ, వారి పిల్లల్లో చాలామంది చర్చి బడుల్లో చదివేవారు. ప్రభుత్వ సొమ్ము మత సంస్థలకు ఇవ్వరాదన్న నిబంధన అడ్డు రాకుండా లాంగ్ ఒక ఉపాయం పన్నాడు. చట్టంలో పుస్తకాలు ఇచ్చేది బడికి అని రాయలేదు, బడిపిల్లవాడికి అని రాశారు. ప్రైవేటు బడుల పిల్లలకు పన్ను సొమ్ముతో పుస్తకాలేమిటని కొందరు కోర్టుకెక్కారు. 1930లో దేశ సుప్రీంకోర్టు లాంగ్ పక్షానే తీర్పు చెప్పింది: లబ్ధి పొందేది పిల్లలు, వారి ద్వారా రాష్ట్రం, అంతేగాని బడులు కావని. ఈ వాదన తరువాతి దశాబ్దాల్లో ఇతర వ్యాజ్యాల్లోనూ ఉపయోగపడింది.

ఇక్కడే మరో ఉదంతం చెప్పుకోవాలి. చమురుతో బాగుపడిన ష్రీవ్‌పోర్ట్ నగరం, అది ఉన్న క్యాడో జిల్లా, ఈ ఉచిత పుస్తకాలు తమకు అక్కర్లేదన్నాయి. సరిగ్గా అదే సమయంలో అక్కడ సైనిక విమాన స్థావరం కోసం భూమి ఇవ్వడానికి రాష్ట్ర శాసనసభ అనుమతి అవసరమైంది. పిల్లలకు పుస్తకాలు అక్కర్లేనంత సంపన్నులకు విమానాశ్రయం మాత్రం ఎందుకని లాంగ్ ఫైలును తొక్కిపెట్టాడు. నగర పెద్దలు దిగివచ్చి పుస్తకాలు తీసుకుంటామన్నాకే అనుమతి దొరికింది. బార్క్స్‌డేల్ వైమానిక స్థావరం అలా వచ్చినదే. లక్ష్యం మంచిది, పద్ధతి బెదిరింపు. ఆయన పాలనలో ఈ రెండూ విడివిడిగా దొరకడం అరుదు.

ప్రశ్న: ఆయన మీద అభిశంసన తీర్మానం నెగ్గిందా?

జవాబు: కింది సభలో నెగ్గింది, పై సభలో వీగిపోయింది. 1929లో శుద్ధిచేసిన చమురు మీద పీపాకు 5 సెంట్ల పన్ను వేయాలని లాంగ్ ప్రతిపాదించగానే స్టాండర్డ్ ఆయిల్ మద్దతుదారులు భగ్గుమన్నారు. మార్చి 25న సభను వాయిదా వేసే తీర్మానం మీద విద్యుత్ ఓటింగు బోర్డు తప్పు లెక్క చూపించడంతో, మోసం జరిగిందని సభ్యులు బల్లలెక్కి కలబడ్డారు; కొందరికి రక్తాలు కూడా కారాయి. సభ్యులకు లంచాలు ఇవ్వజూపాడని, ప్రభుత్వ నిధులు దుర్వినియోగం చేశాడని ఆరోపిస్తూ ఆయనపై అభియోగాలు మోపారు.

పై సభ అయిన రాష్ట్ర సెనేట్‌లో మొత్తం 39 మంది. దోషిగా తేల్చాలంటే 26 ఓట్లు కావాలి. విచారణ మొదలయ్యే వేళకు 15 మంది సెనేటర్లు సంతకాలు చేసిన ఒక పత్రం బయటికి వచ్చింది: ఈ విచారణే చట్టవిరుద్ధం కనుక, సాక్ష్యం ఏదైనా సరే తాము దోషి అనబోమని. ఇంక 24 మందే మిగిలారు, కథ ముగిసింది. సంతకాలు చేసినవారిలో చాలామందికి తరువాత ఉద్యోగాలు, పదవులు దక్కాయి. ఆ దెబ్బ తరువాత లాంగ్ పూర్తిగా మారిపోయాడనే చరిత్రకారులున్నారు. బతిమాలి పనులు చేయించుకునే కాలం పోయిందని ఆయనే చెప్పుకున్నాడు.

ప్రశ్న: 1932లో కేంద్ర సెనేట్‌కు వెళ్లిపోయిన వ్యక్తి రాష్ట్రాన్ని చచ్చేదాకా ఎలా ఏలగలిగాడు?

జవాబు: ఇది అసలైన ప్రశ్న. 1930లోనే సెనేటర్‌గా గెలిచినా, గవర్నరు తప్పుకుంటే ఆ కుర్చీ ఎక్కే లెఫ్టినెంట్ గవర్నరు తన విరోధి కావడంతో, తన అనుచరుడికి దారి సుగమమయ్యేదాకా లాంగ్ వాషింగ్టన్ వెళ్లి ప్రమాణం చేయలేదు. 1931 మార్చి నుంచి 1932 జనవరి దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది. తరువాత తన చిన్ననాటి మిత్రుడు ఆస్కార్ అలెన్‌ను గవర్నరుగా కూర్చోబెట్టాడు. కిటికీలోంచి ఒక ఆకు ఎగిరివచ్చి బల్ల మీద పడితే అలెన్ దాని మీద కూడా సంతకం చేశాడని లాంగ్ సొంత తమ్ముడే నవ్వులాటగా చెప్పేవాడు.

ఈ యంత్రాంగానికి ఇంధనం ఉద్యోగాలు. రోడ్ల శాఖ మొదలుకొని ఆసుపత్రుల దాకా నియామకాలన్నీ ఆయన మాట మీదే జరిగేవి. పదవులు పొందినవారిలో పలువురు తేదీ వేయని రాజీనామా పత్రం ముందే రాసి ఇవ్వాల్సి వచ్చేది. ఉద్యోగుల జీతాల్లో పదో వంతు దాకా పార్టీ నిధికి కోత పడేది. ఆ నగదు దాచిన పెట్టె ఆయన మరణం తరువాత ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు.

1934 ఆగస్టు నుంచి ఏడాది కాలంలో శాసనసభను పదే పదే ప్రత్యేక సమావేశాలకు పిలిపించాడు. ఆ సభలో ఆయన సభ్యుడు కాడు, మాట్లాడే హక్కూ లేదు. అయినా కమిటీ గదిలో కూర్చుని బిల్లులు తానే చదివి, తానే వివరించి, అభ్యంతరాలను తానే తోసిపుచ్చేవాడు. గంటల వ్యవధిలో పదుల కొద్దీ బిల్లులు ఆమోదం పొందేవి. తామేమి ఆమోదిస్తున్నారో చాలామంది సభ్యులు చదివి కూడా ఉండరు. ఆ బిల్లులతో పోలింగు అధికారుల నియామకం, ఉపాధ్యాయుల ఉద్యోగాలు, నగరాల పోలీసుల, అగ్నిమాపక సిబ్బంది మీద అజమాయిషీ ఒక్కొక్కటిగా రాష్ట్ర రాజధాని బేటన్ రూజ్‌లోని ఆయన మనుషుల చేతికి వచ్చాయి. ఇందులో సైన్యం చేసిన తిరుగుబాటేమీ లేదు. ప్రతిదీ ఓటింగు జరిగి, సంతకం పడి, గెజిట్‌కు ఎక్కిన చట్టమే. లాంగ్‌ను తప్పుపట్టేవారు ఆయన అహంకారం గురించి రాసినంతగా, చేతులెత్తి కూర్చున్న ఆ శాసనసభ్యుల గురించి రాయకపోవడం మాకు వింతగా తోస్తుంది.

పత్రికల సంగతి చూడండి. 1934లో, వారానికి 20,000 ప్రతులకు మించి అమ్మే పత్రికల ప్రకటనల ఆదాయం మీద 2 శాతం పన్ను వేశారు. దాని కిందికి వచ్చినవి 13 పత్రికలు; వాటిలో 12 లాంగ్‌ను వ్యతిరేకించేవి. ఊళ్ల చిన్న పత్రికల జోలికి వెళ్లకుండా పెద్దవాటినే పట్టుకోవడానికి ఆ అంకె ఎంత చక్కగా అమరిందో గమనించండి. అబద్ధాల మీద పన్ను ఇదని లాంగ్ బాహాటంగానే అన్నాడు. 1936 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని కొట్టివేసింది. పత్రికా స్వేచ్ఛకు సంబంధించి అమెరికాలో ఈనాటికీ ఉదహరించే తీర్పుల్లో అదొకటి. తీర్పు వచ్చేసరికి లాంగ్ బతికి లేడు.

ప్రశ్న: ‘మన సంపద పంచుకుందాం’ పథకం ఆచరణ సాధ్యమేనా?

జవాబు: చెప్పిన రూపంలో కాదు. 1934 ఫిబ్రవరిలో రేడియో ప్రసంగంలో లాంగ్ ప్రకటించిన ప్రకారం, కోటీశ్వరుల ఆస్తులకూ వార్షికాదాయానికీ గరిష్ఠ పరిమితి విధించి, మిగులును పన్నుగా రాబట్టి, ప్రతి కుటుంబానికీ సుమారు 5,000 డాలర్ల విలువైన ఇంటి ఆస్తి, ఏటా 2,000 డాలర్లకు పైగా ఆదాయం సమకూర్చాలి. వృద్ధులకు పింఛను, పిల్లలకు ఉచిత కళాశాల విద్య అదనం. చిక్కెక్కడంటే, ధనికుల సంపదలో ఎక్కువ భాగం కర్మాగారాలు, రైలుమార్గాలు, వాటాల రూపంలో ఉంటుంది. రైలు ఇంజనును లక్ష ముక్కలు చేసి ఇంటికొక ముక్క ఇవ్వలేము కదా. అమ్ముదామంటే, కొనగలిగిన వాళ్ల చేతిలో అప్పటికే మిగులు ఉండదు.

అయితే లెక్క తప్పైనంత మాత్రాన కోపం తప్పు కాదు. ఊరూరా సంఘాలు వెలిశాయి. సభ్యులు 70 లక్షలు దాటారని లాంగ్ వర్గం చెప్పుకుంది. ఆయన మూడో పార్టీ పెడితే ముప్ఫై నలభై లక్షల ఓట్లు చీల్చగలడని డెమొక్రటిక్ పార్టీ 1935లో రహస్యంగా జరిపించిన సర్వేలో తేలింది. ఆ వేసవిలోనే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పెద్ద ఆదాయాల మీద, వారసత్వ ఆస్తుల మీద పన్నులు పెంచాలని కోరుతూ అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు సందేశం పంపాడు. సెనేట్‌లో అది చదివి వినిపిస్తే లాంగ్ ‘ఆమెన్’ అన్నాడు.

ప్రశ్న: నల్లజాతివారికి ఆయన పాలనలో మేలు జరిగిందా?

జవాబు: కొంత. పుస్తకాలు, వయోజనుల రాత్రి బడులు వారికీ అందాయి. ఓటు వేయడానికి కట్టాల్సిన తలపన్నును 1934లో రద్దు చేయించినా, దాంతో ఓటు దక్కింది పేద తెల్లవారికే. నల్లవారిని ఆపే తక్కిన అడ్డంకులను ఆయన కదపలేదు, వర్ణవివక్ష చట్టాలను ప్రశ్నించనూ లేదు.

ప్రశ్న: రోడ్లు, వంతెనలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయం ఇచ్చినవాణ్ణి నియంత అనడం న్యాయమేనా?

జవాబు: రెండూ నిజమే. బేటన్ రూజ్‌లో 34 అంతస్తుల శాసనసభ భవనం, మిసిసిపీ నది మీద వంతెన, వైద్య కళాశాల, రెండు వేల మైళ్లకు పైగా పక్కా రోడ్లు ఆయన లెక్కలోనివే. అప్పులు కూడా అనేక రెట్లు పెరిగాయి. అయితే మంచి ఒక పళ్లెంలో, చెడు మరో పళ్లెంలో పెట్టి తూచే పద్ధతి ఇక్కడ పనికిరాదు. రోడ్డు పని ఇచ్చిన ఉద్యోగమే విధేయతను కొన్నది. ఆ విధేయతే ఓట్లు తెచ్చింది, ఆ ఓట్లే తరువాతి రోడ్డుకు నిధులు మంజూరు చేశాయి. ఆయన ఎంతో మక్కువతో పెంచిన లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలోనే, 1934లో విద్యార్థి పత్రిక తనను విమర్శించే లేఖ వేయబోతే ముద్రణ ఆపించాడు. ఎదురు తిరిగిన ఏడుగురు విద్యార్థులను విశ్వవిద్యాలయం బహిష్కరించింది. చదువుకోవడానికి చోటు చూపించినవాడే, చదువుకున్నవారు నోరు విప్పితే సహించలేదు. పని జరగాలంటే ఇదంతా తప్పదన్న ఆయన వాదనను మేము ఒప్పుకోలేము. ఏడుగురు విద్యార్థులను వెళ్లగొడితే ఏ వంతెనా ఒక అడుగు ముందుకు సాగదు.

ప్రశ్న: ఆయన్ను చంపిందెవరు? తరువాత ఏమైంది?

జవాబు: 1935 సెప్టెంబరు 8 రాత్రి, తాను కట్టించిన శాసనసభ భవనంలోనే లాంగ్‌పై కాల్పులు జరిగాయి. కాల్చింది కార్ల్ వైస్ అనే యువ వైద్యుడని అధికారిక నిర్ణయం. ఆయన మామ బెంజమిన్ పేవీ న్యాయమూర్తి, లాంగ్ వ్యతిరేకి; పేవీ పదవి పోయేలా నియోజకవర్గ హద్దులు మార్చే బిల్లు ఆ రోజుల్లోనే సభ ముందుంది. అంగరక్షకులు వైస్‌ను అక్కడికక్కడే తూట్లు పొడిచారు కనుక ఆయన ఏమనుకున్నాడో చెప్పేవారు లేరు. అంగరక్షకుల తూటాయే పొరపాటున లాంగ్‌కు తగిలిందనే వాదన కూడా ఉంది. సెప్టెంబరు 10న, 42 ఏళ్ల వయసులో లాంగ్ మరణించాడు.

యంత్రాంగం మాత్రం ఆయనతో పోలేదు. 1936లో గవర్నరైన అనుచరుడు రిచర్డ్ లీష్ అవినీతి కుంభకోణంలో చిక్కుకుని 1939లో రాజీనామా చేసి, తరువాత జైలుకు వెళ్లాడు. తమ్ముడు ఎర్ల్ లాంగ్ పలుమార్లు గవర్నరయ్యాడు. కొడుకు రస్సెల్ లాంగ్ 1948లో సెనేట్‌కు ఎన్నికై 1987 దాకా కొనసాగాడు. అందులో పదిహేనేళ్లు ఆర్థిక కమిటీ అధ్యక్షుడు. స్టాండర్డ్ ఆయిల్‌తో జీవితాంతం తలపడినవాడి కొడుకు, చమురు కంపెనీలకిచ్చే పన్ను రాయితీలకు సెనేట్‌లో అందరికన్నా గట్టి సమర్థకుడిగా పేరు తెచ్చుకున్నాడు.