ముందు నీ కాపీలు లెక్కపెట్టు

హైదరాబాద్

అల్లుడూ,

సర్వర్ సీపీయూ అంతా డేటా కాపీలకే పోతోందని, జీరో కాపీ (డేటాని మెమరీలో మళ్లీ కాపీ చేయకుండానే వాడుకునే పద్ధతి) పెట్టేస్తానని మొన్న ఫోన్లో అన్నావు. నేనప్పుడు రాయదుర్గం మెట్రో రద్దీలో ఇరుక్కుని సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే ఇది.

ముందు పెర్ఫ్ (సీపీయూ సమయం ఎక్కడ పోతోందో చూపే లినక్స్ సాధనం) పెట్టి చూడు. నెట్‌వర్క్ డేటా తెచ్చుకునే రిసీవ్ కాల్‌లో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన బఫర్, అంటే డేటాని తాత్కాలికంగా ఉంచే మెమరీ, నుంచి నీ బఫర్‌లోకి చేసే కాపీ ఒక్కటే. మిగతావి చాలావరకు మన చేతి చలవే. వచ్చిన డేటాని స్ట్రింగ్‌లో పోస్తాం, దాన్ని విడదీసి అర్థం చేసుకునే పార్సర్ మళ్లీ ఫీల్డుకో స్ట్రింగ్ చేస్తుంది, చిట్టా రాసే లాగర్ ఇంకోటి. ఇవి తీసేయడానికి కొత్త కెర్నెల్ అక్కర్లేదు. పెద్ద బఫర్‌లోకి ఒకసారి చదివి, ఎక్కడ మొదలు, ఎంత పొడవు అన్నదే అందరికీ ఇవ్వు.

నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. ఒక ఉద్యోగంలో 20 బైట్ల సెషన్ కీని కాపీ చేయకుండా, బఫర్‌లో ముక్కగానే క్యాష్‌లో దాచాను. ఆ 20 బైట్లను పట్టుకుని 64 కేబీ బఫర్ మొత్తం వేలాడింది. అలాంటివి వేలు. అర్ధరాత్రి మెమరీ నిండి సర్వర్ కూలింది. ఎక్కువసేపు ఉంచుకునే చిన్న ముక్కని కాపీ చేసెయ్, నామోషీ ఏం లేదు.

ఇక కెర్నెల్ కాపీ. 2018లో లినక్స్ 4.18తో వచ్చిన టీసీపీ జీరోకాపీ రిసీవ్, డేటా ఉన్న మెమరీ పేజీలనే (మెమరీని విభజించే గళ్లు) నీ ప్రాసెస్‌లోకి మ్యాప్ చేస్తుంది, అంటే కాపీ లేకుండా నేరుగా కనిపించేలా చేస్తుంది. డేటా సరిగ్గా 4096 బైట్ల పేజీ హద్దు మీద పడాలి. మామూలు 1500 బైట్ల ఎంటీయూతో (ఒక ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు) అది కుదరడం కష్టం. పైగా పేజీ టేబుళ్లు (ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టికలు) మార్చడానికీ ఖర్చుంది, చిన్న మెసేజ్‌లకు కాపీయే చవక.

2025లో లినక్స్ 6.15తో ఐఓ యూరింగ్‌లో (కెర్నెల్‌తో డేటా పనులు చేయించుకునే ఇంటర్‌ఫేస్) వచ్చిన పద్ధతి నాకు నచ్చింది. మెమరీని ముందే రిజిస్టర్ చేస్తే నెట్‌వర్క్ కార్డు డేటాని నేరుగా అందులోనే రాస్తుంది. హెడర్లని, డేటాని విడదీయగల కార్డు, దానిలో నీ కనెక్షన్లకు విడిగా ఒక క్యూ ఉండాలి. వాడిన బఫర్‌ని రీఫిల్ రింగ్‌లో (ఖాళీ బఫర్లను తిరిగిచ్చే వరుస) వెనక్కి ఇవ్వడం మాత్రం నీ బాధ్యత. ఇరానీ హోటల్లో ఖాళీ కప్పులు టేబుళ్ల మీదే ఉండిపోతే, చాయ్ మరుగుతున్నా పోయడానికి కప్పుండదు కదా, అదే సంగతి.

టీఎల్‌ఎస్‌ని (నెట్‌వర్క్‌లో డేటాకి వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) నీ ప్రోగ్రామే విప్పుతోందా? అయితే ప్రతి బైటునీ ఎలాగూ ముట్టుకోవాల్సిందే, లాభం బాగా తగ్గుతుంది. అది, మీ ఎంటీయూ, మెసేజ్ సగటు సైజు, ఈ మూడూ రాసి పంపు.

నీ మామయ్య